కింద ఒక మనిషి ఉండాడు

మొన్న ఆదివారం ఫోన్‌లో ఒక పాత ఇంగ్లీషు దయ్యాల సీరియల్ చూసుకుంటుంటే, నా కూతురు పక్కన చేరి తొంగిచూసి ఒక్క మాటతో నా పరువు తీసేసింది.

"అమ్మా, ఆ రాక్షసుని వీపు మీద జిప్పుండాది చూడు."

ఉంది. నాకు తెలియక కాదు. అలాంటి జిప్పులను దాని వయసులో ఉన్నప్పటి నుంచి చూస్తున్నాను. నలుపు తెలుపు బొమ్మలు, దారం పట్టి లాగితే ఎగిరే గబ్బిలాలు, పళ్ళెం బోర్లించి తీసిన ఆకాశ నౌకలు, అట్టపెట్టెకు బల్బులు గుచ్చి అదే కంప్యూటరని నమ్మబలికే పెద్దమనుషులు. వీటి మీద నాకున్న పిచ్చికి మందు లేదు. వేమగల్ ఫ్యాక్టరీలో నాతో పనిచేసే ఆడవాళ్ళు మధ్యాహ్నం డబ్బాలు తెరిచి కొత్త సీరియళ్ళలో కోడళ్ళ కష్టాలు చెప్పుకుంటుంటే, నేను చంద్రుడి మీద ఇరుక్కుపోయినవాళ్ళ సంగతి ఎత్తుతాను. వాళ్ళు నన్ను చూసి పాపం అనుకుంటారు. అనుకోనీ. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి.

ఆ జిప్పు రాక్షసుడి పక్కనే ఇంకో బొమ్మ కనిపించింది. చిన్నప్పుడు సగం చూసి ఆగిపోయిన సీరియల్. పేరు తెలియక ఇన్నేళ్ళూ వెతికి వేసారినది. దాని కింద ఎవరో రాశారు, తీస్తున్నవాళ్ళు మధ్యలోనే ఆపేశారట, చివరి భాగం అసలు తీయనే లేదట. నేను ఫోన్ బల్ల మీద పెట్టేశాను. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. మా తాత గుర్తొచ్చాడు.

మా ఊరి బంగారు గనులు మూతపడిన తర్వాత వచ్చిన చలికాలం అది. మేముండేది గని కూలీలకు కట్టిన వరస ఇళ్ళలో, లైన్లంటాం. ఒక గోడకు రెండు ఇళ్ళు. పక్కింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. నాయన తెల్లారకముందే బెంగళూరు రైలెక్కి వెళ్ళి, నేను నిద్రపోయాక వచ్చేవాడు. ఆయన మొహం సరిగ్గా చూసేది ఆదివారాలే. వీధిలో వయసున్న మగవాళ్ళందరూ అలాగే రైలు పాలయ్యారు. మిగిలింది ముసలివాళ్ళూ, ఆడవాళ్ళూ, పిల్లలమూ, గాలి తోలితే అన్నంలోకి వచ్చి పడే దిబ్బల దుమ్మూ. రాయిని పిండి చేసి బంగారం తీసుకోగా మిగిలిన బూడిదరంగు పొడిని కొండల్లా పోసినవి ఆ దిబ్బలు. సైనైడు దిబ్బలంటాం. వాటి మీదికి ఎక్కితే కాళ్ళు విరగ్గొడతానని మా అమ్మ రోజూ చెప్పేది. రోజూ చెప్పవలసి వచ్చిందంటే మేము ఎక్కేవాళ్ళమనే కదా.

మా తాతది గనిలో షాఫ్టు నోటి దగ్గర గంట కొట్టే పని. షాఫ్టంటే నేలలోకి నిలువుగా తవ్విన లోతైన బావి, అందులో మనుషులను దించి ఎత్తే ఇనుప బోను కేజు. మనుషులున్న కేజును లాగాలంటే ఒక తీరు గంట, రాయి ఉన్న కేజుకు వేరే గంట, ఆగమంటే ఇంకొకటి. ఆ గంట విని, దూరంగా ఇంజనింట్లో కూర్చున్నాయన తాడు లాగే యంత్రం నడిపేవాడు. ఆయనకు షాఫ్టు కనిపించదు, కేజు కనిపించదు. గంట చెప్పిందే వేదం. ఆ ఇంజను తాత ఉండేది మా ఎదురింట్లోనే. వీళ్ళిద్దరూ బతుకంతా కలిసి పనిచేశారు కానీ పనిలో ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తన షిఫ్టులో దిగిన ఆఖరి మనిషి పైకి వచ్చేదాకా తాత అక్కడి నుంచి కదిలేవాడు కాదు. అందరూ వచ్చాక, ఇక అయిపోయిందని చెప్పే గంట ఒకటి కొట్టి, అప్పుడు ఇంటికి. అవ్వ చేసిన సంగటి ఎన్నిసార్లు చల్లారి రాయి అయ్యిందో. ఇంట్లో మేము అన్నం తింటూ పళ్ళెం మీద చెంచాతో లయగా కొట్టామా, తాత చెయ్యి వచ్చి వీపు మీద పడేది.

"గంటతో ఆటలాడగూడదు పాపా. ఒక గంట తప్పు కొడితే ఒక సంసారం పోతాది."

గని మూసిన రోజు తాతకు సెలవు. మర్నాడు డబ్బా కట్టుకుని పనికి వెళితే గేటుకు తాళం, గోడకు నోటీసు. ఆ డబ్బా అలాగే తిరిగి తెచ్చి, వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. ఇంక లేవలేదు. చర్చికి రాడు, రాబర్ట్‌సన్‌పేట బజారుకు పోడు, ఎదురింటి ఇంజను తాత పలకరించినా ఊ అనేవాడంతే. ముద్ద సగం తిని సగం వదిలేవాడు. అవ్వ బతిమాలితే ఒకటే మాట. "నా షిఫ్టు ముగియలా." తాత పంచె నడుము మీద నిలవడం మానేసింది. అవ్వ మా అమ్మతో వంటింట్లో ఏడ్చేది. "ఈ మనిషి ఇట్లే కూసోని కూసోని పోతాడమ్మా."

ఆ ఇంట్లోకి దయ్యాలు వచ్చింది ఆ రోజుల్లోనే. తెచ్చింది మా కేబుల్ అన్న.

ఈ అన్న లైన్లన్నిటికీ వైర్లు లాగి, ఊళ్ళోవాళ్ళకని సొంత చానెల్ ఒకటి నడిపేవాడు. పెళ్ళి వీడియోలు, చీరల కొట్టు ప్రకటనలు, చావు కబుర్లు, అన్నీ అందులోనే. దొరల క్లబ్బు మూసేసి సామాన్లు అమ్మేసినప్పుడు ఆయన ఒక అట్టపెట్టె నిండా వీడియో క్యాసెట్లు తెచ్చుకున్నాడు. అన్నీ ఇంగ్లీషు. సగం దయ్యాలవి, సగం ఆకాశంలోకి పోయేవాళ్ళవి. ఆదివారం చర్చి అయ్యి, బోటి కూరతో అన్నాలు తిన్నాక వాటిని వేసేవాడు. లైన్లో రంగుల టీవీలున్నవాళ్ళు కూడా మా ఇంటికే వచ్చేవాళ్ళు. బొమ్మ ఎటూ నలుపు తెలుపే కదా, మీ టీవీ అయితే ఏం అనేవాళ్ళు. అసలు కారణం పక్కింటి టీచరాంటీ. గని బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. వాళ్ళ ఇంట్లో టీవీ లేదు కాబట్టి మా ఇంట్లో కూర్చునేది, కూర్చున్నందుకు తెలుగులో చెప్పేది.

చెప్పడం కూడా తన ఇష్టప్రకారమే. దొరా దొరసానీ దగ్గరికి జరిగారంటే ఆంటీ గొంతు సవరించుకుని, "ఏదో ఇంటి విషయాలు మాట్లాడుకుంటా ఉండారు" అనేది.

కిటికీకి గోనెపట్టా కట్టి చీకటి చేసేవాళ్ళం. అనపకాయల కాలం. పెద్దవాళ్ళు కాయలు ఒలిచి నానబెట్టిన గింజలు మా ముందు పెట్టేవాళ్ళు. బొమ్మ చూస్తూ పిల్లలందరం తొక్క ఊడేలా గింజలు పితకాలి, రాత్రికి పితికిపప్పు కూర. దయ్యం తలుపు తీసినప్పుడల్లా గింజ చేతిలోంచి జారి ఎవరి మెడలోనో పడేది. ఇప్పటికీ తెర మీద తలుపు కిర్రుమంటే నాకు వేళ్ళ మీద అనపకాయ సొన వాసన వస్తుంది.

అవ్వను మాత్రం ఏ దయ్యమూ భయపెట్టలేకపోయింది. ఒక సీరియల్లో పాడుబడ్డ కోటలో నేల కింద నుంచి దబదబమని చప్పుడై, అలమరలో పింగాణీ పళ్ళేలు గడగడా ఊగాయి. మేమందరం ఒకరి మీద ఒకరు పడ్డాం. అవ్వ లేచి వెళ్ళి మా అలమరలోని గిన్నెలకు చెయ్యి అడ్డం పెట్టి నిలబడింది. గనిలో రాయి పగిలినప్పుడల్లా మా ఇళ్ళు అలా ఊగడం, ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకోవడం అలవాటే.

"అది బ్లాస్టు. రాయి పగిలింది" అంది అవ్వ కోటలోని దొరసానితో. "దానికింత అరుపేంటికమ్మా? పోయి గిన్నెలు పట్టుకో."

తాత వాకిట్లో మంచం మీద, ఇటు వీపు పెట్టి కూర్చునేవాడు. ఆయన మొహం తిప్పింది ఆకాశ నౌక సీరియల్‌కు. అందులో ఓడలాంటి దాంట్లో కొందరు చుక్కల మధ్య తిరుగుతుంటారు. వారానికో కొత్త లోకంలో ఆగుతారు, కొందరు దిగుతారు, ఏదో ఒక గండం గడిచి ఎక్కేస్తారు. ఆ లోకాలన్నీ అచ్చం మా సైనైడు దిబ్బలే. మేము అటకెక్కిన బకెట్లు నెత్తిన బోర్లించుకుని, ఆ దిబ్బల మీద తేలుతున్నట్టు నెమ్మదిగా నడిచి, బూడిదరంగు కాళ్ళతో ఇంటికొచ్చి అమ్మ చేతిలో తన్నులు తిన్నాం.

ఒక ఆదివారం తాత వాకిట్లోంచే అడిగాడు.

"ఎంతమంది దిగినారు?"

ఎవరిని అడుగుతున్నాడో మాకు అర్థం కాలేదు. "యాడ తాతా?"

"ఆ పెట్టెలో. దిగినోళ్ళందరూ ఎక్కినారా?"

లెక్కపెట్టి చెప్పాను, అందరూ ఎక్కారని. "ఊ" అన్నాడు. మరుసటి వారం మంచం గుమ్మం దగ్గరికి జరిగింది. ఆ తర్వాతి వారం తాత లోపల ఉన్నాడు. వాళ్ళు పోయేది పైకి, కిందికి కాదని టీచరాంటీ ఎంత చెప్పినా ఒప్పుకునేవాడు కాదు. "పైకో కిందికో, చీకట్లోకి పోతా ఉండారు కదమ్మా. తిరిగొచ్చేదే లెక్క." అందరూ ఓడెక్కాకే ముద్ద నోట్లో పెట్టేవాడు. కానీ పెట్టేవాడు. అవ్వ అందుకే ఆ ఓడకు ఏ కీడూ రాకూడదని ప్రార్థన చేసేది.

వచ్చింది. ఓడలో ఒక లావుపాటి మనిషి ఉండేవాడు, యంత్రాలు బాగుచేసేవాడు, నోరు తెరిస్తే నవ్వించేవాడు. ఆయన ఏదో వస్తువు కోసం తాడు కట్టుకుని ఒక లోయలోకి దిగాడు. తాడు తెగింది. లోయ అడుగున ఆయన చేతిలో దీపం వెలుగుతూ ఆరుతూ ఉంది. పైన కెప్టెన్ ఓడ బయలుదేరక తప్పదంటున్నాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. పెట్టెలో తర్వాతి క్యాసెట్టు వేస్తే క్లబ్బులో ఎప్పుడో జరిగిన పూల పోటీ వచ్చింది. టోపీ పెట్టుకున్న దొరసాని గులాబీలను వాసన చూస్తోంది.

అమ్మ టీవీ కట్టేయబోయింది. తాత లేచి నిలబడ్డాడు.

"కట్టేయొద్దు. కింద ఒక మనిషి ఉండాడు."

"అయిపోయింది మామా, ఇంగ లేదు."

"ఎట్ల లేకపోతాది? మనిషి కింద ఉంటే అయిపోయింది అంటారా యాడన్నా?"

చెప్పులేసుకుని వాకిలి దాటాడు. నేను వెంట పరుగెత్తాను. రాబర్ట్‌సన్‌పేట బజారు మధ్యలో, మేడమీద ఉన్న కేబుల్ అన్న గదికి మెట్లెక్కి, ఆయాసపడుతూ నిలబడ్డాడు. అన్న పాపం పెట్టె మొత్తం బోర్లించి చూపించాడు. ఆ కథ ఇంకెక్కడా లేదు. తాత తిరిగొచ్చి, మళ్ళీ మంచాన్ని వాకిట్లోకి లాక్కున్నాడు. ఆ రాత్రి ముద్ద ముట్టలేదు. మర్నాడూ అంతే. కథ కాదూ పాడూ కాదు, గని తాళం మళ్ళీ పడ్డట్టయింది మా ఇంట్లో.

ఈ సంగతి లైనంతా పాకింది. పాత గని మనుషులు సాయంత్రాలు మా వాకిట్లో చేరి, ఆ లావాయనను ఎలా తేవాలో తగువులాడుకునేవాళ్ళు. పక్క నుంచి సొరంగం కొట్టాలని ఒకరు, ఆ రాయి నిలవదు, ముందు దుంగలు ఆనించాలని ఇంకొకరు. గని మూసినప్పటి నుంచి గని గురించి ఎవరూ నోరెత్తని వాకిలి అది. తాత మంచం మీద నుంచే వినేవాడు.

తెగించింది టీచరాంటీ. మా చర్చిలో క్రిస్మస్ ట్రీ సాయంత్రం ఒక్కో వీధివాళ్ళు ఒక్కో నాటకం వేస్తారు. మా లైన్‌కు ఎప్పుడూ గొర్రెల కాపరులే దక్కేవాళ్ళు. ఆంటీ పాస్టరయ్య దగ్గరికి వెళ్ళి ఈసారి లోయలో మనిషిని పైకి తెచ్చే నాటకమని చెప్పింది. ఆయన తలపట్టుకున్నాడు.

"క్రిస్మస్‌కూ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"కింద ఉండేవాళ్ళ కోసమే కదయ్యా పైనుంచి ఒకాయన దిగొచ్చినాడు?" అంది ఆంటీ. పాస్టరయ్య మా లైన్ పేరు పక్కన గొర్రెల కాపరులను కొట్టేశాడు.

ఇళ్ళలోని గని హెల్మెట్లన్నీ బయటికొచ్చాయి. మా హెల్మెట్‌లో అవ్వ కొత్తిమీర పెంచుకుంటుంటే, అది పెరికి మట్టి దులిపి ఇచ్చింది. వాటికి వెండి కాగితాలంటించి, గమ్‌బూట్లు తొడిగి, కాపరుల వేషం కట్టే పిల్లలను ఆకాశవీరులను చేశారు. సన్నగా ఉన్నాను కాబట్టి లావు మనిషి వేషం నాకిచ్చారు. నవ్వకండి. తాడుతో లాగాలి కదా. చర్చి హాలులో వేదిక కింద ఖాళీ ఉండేది, పైన ఒక చెక్క తీసేస్తే లోయ. దూలం మీదుగా తాడు వేసి, కొసకు కుర్చీ కట్టారు. లాగేది పాత గని మనుషులు, అందరికంటే ముందు ఇంజను తాత.

గంట కొట్టమని ఆంటీ మా తాతను అడిగింది. ఆయన మొహం ఎర్రబడింది. "ఆటకు గంట కొట్టేది లేదమ్మా." సరే, గంట వద్దు, నేను చెయ్యి ఊపుతాను, మీరు లాగండి అని ఆంటీ వాళ్ళకు చెప్పింది. వాళ్ళు తలలూపారు.

ఆ సాయంత్రం హాలు కిటకిటలాడింది. బెంగళూరు రైలు మనుషులు కూడా సెలవు పెట్టి వచ్చారు. అవ్వ ఏం చెప్పి లాక్కొచ్చిందో, తాత చివరి బెంచీలో తలుపు పక్కన కూర్చున్నాడు. నేను వేదిక కింద, హెల్మెట్‌కు కట్టిన టార్చితో, ఎలుకల వాసనలో, లావుగా కనిపించాలని ఒంటికి అవ్వ పాత చీరలన్నీ చుట్టుకుని కూర్చున్నాను. పైన కెప్టెన్ వేషం కట్టినవాడు తన మాటలన్నీ చెప్పాడు. నేను కుర్చీలో ఎక్కి దీపం ఊపాను. ఆంటీ చెయ్యి ఊపింది.

కుర్చీ కదల్లేదు.

ఆంటీ మళ్ళీ ఊపింది. "లాగండప్పా" అని గుసగుసగా అంది, తర్వాత గట్టిగానే అంది. చెక్క సందులోంచి నాకు వాళ్ళ చేతులు కనిపిస్తున్నాయి. తాడు బిగించి పట్టుకున్నారు, లాగడం లేదు. కావాలని కాదు. తర్వాత ఎప్పుడో అడిగితే ఇంజను తాత చెప్పాడు. "కుర్చీలో మనిషుండాది పాపా. గంట లేకుండా మనిషిని లాగేదానికి చెయ్యి రాలేదు." వాళ్ళందరి చేతులదీ అదే సంగతి. హాలులో నవ్వులు మొదలై, ఆగిపోయాయి. అక్కడున్నవాళ్ళలో సగం మంది గని ఇళ్ళవాళ్ళే, వాళ్ళకు విషయం అర్థమైంది. నాకు మాత్రం కింద నిజంగానే భయం వేసింది. నాటకం సంగతి మరిచిపోయి అరిచాను.

"తాతా, నేను కింద ఉండాను!"

బెంచీ జరిగిన చప్పుడు వినిపించింది. చెప్పుల చప్పుడు ముందుకు వచ్చింది, తొందరేమీ లేకుండా. పాస్టరయ్య బల్ల మీది ఇత్తడి గంటను ఎవరో ఎత్తిన చప్పుడు. తర్వాత, పళ్ళెం మీద కొడితే మా వీపులు వాచిన ఆ గంట, మనుషులున్నారు జాగ్రత్తగా లాగమనే గంట, హాలంతా మోగింది.

కుర్చీ ఒక్క కుదుపు లేకుండా పైకి లేచింది. అంత మెత్తగా నన్ను ఇప్పటిదాకా ఏ లిఫ్టూ ఎత్తలేదు. వెలుతురులోకి వచ్చేసరికి తాత గంట పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఎదురుగా ఇంజను తాత తాడు పట్టుకుని ఉన్నాడు. ఒకరినొకరు చూసుకుంటూ వాళ్ళు ఆ పని చేయడం అదే మొదటిసారి. ఇంజను తాత కళ్ళు తుడుచుకోవడానికి కూడా తాడు వదల్లేదు.

తాత నన్ను దించి, హెల్మెట్ తీసి, మొహంలోకి చూశాడు.

"ఇంగెవరన్నా ఉండారా కింద?"

నాటకంలో లేని ప్రశ్న. నాకు జవాబు తెలుసు. "లేరు తాతా. అందరూ వచ్చేసినారు."

ఆయన ఇంకో గంట కొట్టాడు. ఇంట్లో మేమెప్పుడూ వినని గంట. పాత గని మనుషులందరూ ఎవరో చెప్పినట్టు తలపాగాలు, మఫ్లర్లు తీశారు. చప్పట్లు కొట్టాలని ఎవరికీ తోచలేదు. తాత గంటను బల్ల మీద పెట్టి అవ్వ వైపు తిరిగాడు.

"పోదాం పద. ఆకలేస్తా ఉండాది."

ఆ రాత్రి పితికిపప్పు కూరతో తాత ముద్ద మీద ముద్ద తిన్నాడు. అవ్వ వడ్డిస్తూ ఏడుస్తూనే తిట్టింది, ఇన్నాళ్ళకు కూడు వేడిగా ఉండగా ఇంటికొచ్చినావని.

ఆ తర్వాత తాత చాలా ఏళ్ళే ఉన్నాడు. మంచం వాకిట్లోనే ఉండేది కానీ మనిషి దాని మీద ఉండేవాడు కాదు. పొద్దున్నే నాయనను రైలెక్కించడానికి స్టేషన్‌కు పోయేవాడు, సాయంత్రాలు ఇంజను తాతతో కలిసి బజారు తిరిగేవాడు. ఆదివారాలు నా పక్కన కూర్చుని పెట్టెలోని దయ్యాలన్నిటినీ చూశాడు. మొదటగా జిప్పు కనిపెట్టిందీ ఆయనే. "పాపా, ఆ రాక్షసుడు చొక్కా తిరగేసి ఏసుకున్నట్టుండాడు" అన్నాడు. లైన్లో చాలా ఇళ్ళు ఇప్పుడు ఖాళీ, షాఫ్టు చక్రాలకు తుప్పు. అయినా ఆ చలికాలం తలచుకుంటే నాకు దిగులు రాదు. ఆకలి వేస్తుంది.

నిన్న ఆ బొమ్మ కింద రాసినవన్నీ కూర్చుని చదివాను. నాలాంటి పిచ్చివాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. ఆ లావు మనిషి లోయలోనే ఉండిపోయాడా అని ఏళ్ళ తరబడి బాధపడుతున్నారు పాపం. నాకొచ్చిన ఇంగ్లీషులో నేనూ రాశాను, ఆయన పైకి వచ్చేశాడు, ఏం పరవాలేదని. పొద్దున చూస్తే ఎవరో అడిగారు, చివరి భాగమే లేదు కదా, మీరెక్కడ చూశారని.

చూడలేదు, ఆరోజు కింద ఉన్నది నేనే, మా తాత గంట కొట్టాడని రాశాను.